తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది

అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన పిల్లల మొదటి కారుకు ఇంచుమించు వాళ్ల వయసే ఉంటుంది. టెక్సస్‌లోని డెంటన్ అయినా, మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్ అయినా వరస ఒకటే. ఉద్యోగం వచ్చి ఊరు మారుతున్న సీనియర్ తన కరోలానో సివిక్‌నో జూనియర్ చేతిలో పెట్టి వెళ్తాడు. ఆయనకూ అది అంతకుముందరి సీనియర్ దగ్గర నుంచి వచ్చిందే. ఇదేదో విద్యార్థుల లేమి అనుకోనక్కర్లేదు. ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ లెక్క ప్రకారం 2024లో అమెరికా రోడ్ల మీదున్న కార్లు, చిన్న ట్రక్కుల సగటు వయసు 12.6 ఏళ్లు. దేశం దేశమే పాత కార్లలో తిరుగుతోంది.

అలాంటి కారు ఒక పొద్దున తాళం తిప్పితే కదలదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన నిమిషానికే తీర్పు వచ్చేస్తుంది: "బ్యాటరీ పోయింది, మార్చెయ్ రా." చాలాసార్లు ఆ తీర్పు నిజమవుతుంది. చిక్కు కూడా అక్కడే వస్తుంది, ఎందుకంటే నిజం కానప్పుడు కూడా అందరూ అదే చెబుతారు. కొత్త బ్యాటరీ వేస్తారు, తర్వాత సెల్ఫ్ మోటారు, ఆ తర్వాత ఆల్టర్నేటర్. కారు కొన్న డబ్బులో సగం దాని మీదే పోశాక చివరికి దొరికేది తుప్పు పట్టిన ఒక ఎర్త్ తీగ. నిజానికి ఆ కారు తన జబ్బేమిటో మొదటి రెండు సెకన్లలోనే చెప్పి ఉంటుంది, కొంత చప్పుడుతో, కొంత లైట్లతో.

ముందు ఒకటి విడదీసుకోవాలి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతూనే అందుకోవడం లేదంటే అది పెట్రోలుకో స్పార్కుకో సంబంధించిన జబ్బు. 1990ల నాటి హోండాల్లో మండుటెండకు మెయిన్ రిలే లోపలి టంకం పగుళ్లు విచ్చుకుని పెట్రోలు పంపు పనిచేయకపోవడం అలాంటిదే, దాని దారి వేరు. ఇక్కడ మన సంగతి అసలు తిరగనే తిరగని ఇంజిన్. బ్యాటరీ, దాని లావు తీగలు, సెల్ఫ్ మోటారు, దానికి ఆజ్ఞ మోసుకెళ్లే సన్న తీగలు, స్విచ్చులు: అనుమానితులు దాదాపుగా వీళ్లే.

పెట్రోలు ఇంజిన్ తనంతట తాను మొదలు కాలేదు. పిస్టన్ కదిలి గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుని నొక్కితే గానీ మంట పుట్టదు. ఆ మొదటి చుట్లు ఎవరో ఒకరు తిప్పాలి. అంబాసిడర్ ముందు నిలబడి హ్యాండిల్ కొట్టినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఎదురుతన్నితే మణికట్టు విరిగేదని వాళ్లకు తెలుసు. 1910 ప్రాంతంలో అమెరికాలో దాదాపు ప్రతి పెట్రోలు కారుకూ ఇదే బాధ. క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలండ్ దీనికొక విరుగుడు కావాలన్నప్పుడు ఒహాయో రాష్ట్రం డేటన్‌లో ఉన్న చార్లెస్ కెటరింగ్ ఆ పని తలకెత్తుకున్నాడు. ఇంజిన్‌ను తిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దదై ఉండాలన్నది అప్పటి ఇంజనీర్ల నమ్మకం. కెటరింగ్ మాత్రం అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టెలకు విద్యుత్ మోటారు అమర్చినవాడు. గల్లాపెట్టె మోటారు రోజంతా తిరగనక్కర్లేదు, క్షణంపాటు తిరిగితే చాలు. అలాంటప్పుడు చిన్న మోటారుకే దాని శక్తికి మించిన కరెంటు ఇవ్వొచ్చు, అది కాలిపోయేంత వేడెక్కేలోగా పని అయిపోతుంది. ఆ ఉపాయంతోనే 1912 మోడల్ క్యాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్‌తో వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీ కొనేవాళ్లు దానికోసం 1919 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఉపాయం ఇప్పటికీ మారలేదు. సెల్ఫ్ మోటారు నేటికీ చిన్నదే, క్షణికమైనదే, తిండిపోతే. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దని మెకానిక్కులు అనేది ఇందుకే. కరోలా లాంటి నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తిప్పడానికి అది 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. హెడ్‌లైట్లు రెండూ కలిసి వాడేది 9 ఆంపియర్లు. కదలడం మొదలుపెట్టే తొలిక్షణంలో మోటారు ఆకలి ఇంకా ఎక్కువ, ఎందుకంటే తిరుగుతున్న మోటారు తనలో తానే ఒక ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును అదుపు చేస్తుంది, నిలిచి ఉన్నదానికి ఆ అదుపు లేదు.

"లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ మంచిదే" అన్న వాదన ఇక్కడే బోల్తా పడుతుంది. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగానో నీలిపచ్చగానో బూజులాంటిది పేరుకుందనుకుందాం. అది కరెంటుకు 0.05 ఓమ్ నిరోధం కలిగిస్తోందనుకుందాం, మామూలు చవక మీటరుతో సరిగా కొలవలేనంత తక్కువ. ఓమ్ సూత్రం చెప్పేది ఒక గుణకారమే: కరెంటును నిరోధంతో హెచ్చవేస్తే అక్కడ పోయే వోల్టేజి వస్తుంది. హెడ్‌లైట్ల 9 ఆంపియర్లకు పోయేది అర వోల్టు కన్నా తక్కువ, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ అడిగే 150 ఆంపియర్లకైతే ఆ బూజు దగ్గరే ఏడున్నర వోల్టులు పోవాలి. మోటారుకు మిగిలేది ఐదు. దాంతో అది తిరగదు. డాబా మీద ట్యాంకు నిండుగానే ఉన్నా పైపు పూడుకుపోతే చేతులు కడుక్కోవడానికి నీళ్లొస్తాయి గానీ మోటారు పంపులా ధారగా పడవు. అందుకని ఈ జబ్బును కరెంటు పారుతున్నప్పుడే పట్టాలి. ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి.

మీటరు లేకపోయినా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. చీకట్లో గోడకు ఎదురుగా కారు ఉంటే మరీ మంచిది. హెడ్‌లైట్లు వేసి, వాటినే చూస్తూ సెల్ఫ్ కొట్టాలి. లైట్లు కొడిగట్టి ఆరిపోతున్నాయంటే మోటారు కరెంటు అడిగింది, దాన్ని అందించడం బ్యాటరీ వల్లో టెర్మినల్ వల్లో కాలేదు. లైట్లు అలాగే ధగధగలాడుతూ ఇంజిన్ కదలకపోతే కరెంటు మోటారు దాకా పోనేలేదు. అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా ఆ డబ్బు వృథా. ఇంకాస్త సూక్ష్మం కూడా ఉంది. టెర్మినల్ దగ్గరి లోపం లైట్లకూ సెల్ఫ్‌కూ ఉమ్మడి దారిలో ఉంటుంది కాబట్టి రెండూ కలిసి కుప్పకూలతాయి. లోపం సెల్ఫ్‌కు మాత్రమే వెళ్లే తీగలో ఉంటే లైట్లకు దాని సంగతే తెలియదు.

ఇక చప్పుడు. సెల్ఫ్ మోటారు నెత్తి మీద చిన్న డబ్బాలా కూర్చున్నది సొలినాయిడ్. తాళం తిప్పగానే సన్న తీగ గుండా దానికి కొంచెం కరెంటు వస్తుంది, లోపలి తీగచుట్ట అయస్కాంతమై ఒక ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ ఒకే కదలికలో రెండు పనులు చేస్తుంది. మోటారు చిన్న పళ్లచక్రాన్ని నెట్టి ఇంజిన్ పళ్లచక్రంలో ఇరికిస్తుంది. చివర ఉన్న రాగి బిళ్లతో బ్యాటరీ లావు తీగను మోటారుకు కలుపుతుంది. మనకు వినిపించే టిక్కు ఈ కడ్డీ కొట్టుకున్న చప్పుడే.

నిజానికి అందులో చుట్టలు రెండు. కడ్డీని లాగడానికి బలమైనది ఒకటి, లాగాక పట్టి ఉంచడానికి బలహీనమైనది ఇంకొకటి. రాగి బిళ్ల తగలగానే బలమైన చుట్టకు రెండు చివరలా ఒకే వోల్టేజి వచ్చి అది తనంతట తానే విరమించుకుంటుంది. ఎంత పొదుపు! ఇక భారమంతా బలహీనమైనదాని మీదే. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు జరిగేదేమిటంటే, బిళ్ల తగిలి మోటారు ఒక్క గుటక వేయగానే వోల్టేజి పడిపోతుంది, పట్టు చుట్ట పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు కడ్డీని వెనక్కి తోస్తుంది. మోటారు తెగిపోయేసరికి వోల్టేజి మళ్లీ లేస్తుంది, కడ్డీ మళ్లీ దూకుతుంది. ఇదే సెకనుకు ఎన్నోసార్లు. బయటికి టకటకటకమని వినిపిస్తుంది. ఈ టకటకకు భయపడేవాళ్లే ఎక్కువ గానీ, పాత కారు చెప్పగల కబుర్లలో ఇదే శుభవార్త. తాళం, రిలే, గేరు స్విచ్చు, సొలినాయిడ్ అన్నీ బాగున్నాయనీ, లోపం బ్యాటరీలోనో దాని అతుకుల్లోనో ఉందనీ అర్థం.

లైట్లు మసకబారకుండా ఒక్కటే టిక్కు వినిపించి ఆపై నిశ్శబ్దమైతే అర్థం మారుతుంది. కడ్డీ దూకింది, నిలబడింది కూడా. అంటే వోల్టేజి పడిపోలేదు, మోటారు కరెంటు తాగలేదు. రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండాలి, లేదా మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉండాలి. పాత టయోటాల డెన్సో సెల్ఫ్‌లలో ఈ కాంటాక్టుల అరుగుదల పేరుమోసిన జబ్బు. మొదట్లో రెండు మూడు సార్లు తాళం తిప్పితే అందుకుంటుంది, కొన్నాళ్లకు పదిసార్లు తిప్పాలి, ఒకరోజు ఎన్నిసార్లు తిప్పినా లేదు. మోటారంతా మార్చనక్కర్లేకుండా ఆ రాగి ముక్కలు మాత్రమే విడిగా దొరుకుతాయి, విప్పి బిగించే ఓపిక ఉండాలి. బ్రష్షులు అరిగినదైతే ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు మోటారు ఒంటి మీద చిన్నగా కొడితే ఒకసారి తిరుగుతుంది, కదిలిన బ్రష్షు తాత్కాలికంగా అతుక్కుంటుంది. ఆ ఒక్క తిరుగుడుతో ఇల్లో మెకానిక్ షెడ్డో చేరాలి. అలా కొట్టి కొట్టి నెలలు నెట్టుకొచ్చే వీరులను చూశాను, వాళ్ల కారు పక్కన నా కారు పెట్టను.

టిక్కు కూడా లేదు, లైట్లు మాత్రం నిండుగా ఉన్నాయి అంటే ఆజ్ఞే అందడం లేదు. ఆటోమేటిక్ కారులో మొదట చేయాల్సింది బ్రేకు తొక్కి, గేరు పార్కు నుంచి న్యూట్రల్‌కు మార్చి మళ్లీ తాళం తిప్పడం. పార్కులో ఉందో లేదో చెప్పే స్విచ్చు అరిగిపోతే కారు గేరులో ఉందనుకుని సెల్ఫ్‌ను బిగపట్టేస్తుంది. తర్వాత ఫ్యూజు, రిలే. చాలా కార్ల ఫ్యూజు పెట్టెలో సెల్ఫ్ రిలేలాంటిదే ఇంకొకటి ఉంటుంది, తరచూ హారన్‌ది. నంబరు సరిగ్గా కలిస్తే రెంటినీ తారుమారు చేసి చూడొచ్చు. సెల్ఫ్ అందుకుని హారన్ మూగబోతే దొంగ దొరికినట్టే. దొంగతనాల భయంతో వచ్చిన తాళాలు కూడా ఈ జాబితాలోకి వస్తాయి. 1986లో జనరల్ మోటార్స్ కార్వెట్ తాళంచెవిలో చిన్న రెసిస్టర్ పొదిగింది, 15 రకాల విలువల్లో ఒకటి. కారు చదివిన విలువ సరిపోలకపోతే కొన్ని నిమిషాలపాటు సెల్ఫ్ కొట్టనివ్వదు. తాళంచెవి మురికి పట్టినా సొంతదారే దొంగ అయిపోతాడు.

ఎర్త్ సంగతి నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ మంది చూసేది. బ్యాటరీ నుంచి మోటారుకు పోయిన ప్రతి ఆంపియరూ తిరిగి రావాలి. ఇంజిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును రానివ్వదు. తిరుగుదారి అంతా ఒకటో రెండో జడలాంటి రాగి పట్టీలదే. షికాగో, డిట్రాయిట్, క్లీవ్‌లాండ్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి ఎగిరి ఆ పట్టీలను ఏళ్లతరబడి కొరుకుతుంది. పైనుంచి చూస్తే పట్టీ ఉంటుంది, బోల్టు కింద మాత్రం పొడి. పరీక్ష ఒక్క నిమిషం పని. జంపర్ కేబుల్‌లో నల్ల తీగ తీసుకుని ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనుముకు తగిలించి సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ తిరిగిందా, రోగం ఎర్త్‌లోనే ఉంది.

ఇరవై డాలర్ల లోపు మల్టీమీటరు ఉంటే ఊహాగానాలు ఇంకా తగ్గుతాయి. బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కోటి 2.1 వోల్టులు. నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్నది 12.6 చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ, 12 అంటే పావు మిగిలింది. అయినా అసలు కొలత సెల్ఫ్ కొడుతుండగా తీసేదే. అప్పుడు బ్యాటరీ దగ్గర 9.6 కన్నా దిగితే, వాతావరణం మరీ చలిగా లేకపోతే, బ్యాటరీనే అనుమానించాలి. అది నిలబడి కూడా మోటారు తిరగకపోతే మీటరు ఒక పుల్లను బ్యాటరీ పాజిటివ్ సీసపు మొన మీద, రెండోదాన్ని సెల్ఫ్ మీది లావు బోల్టు మీద ఆనించి మళ్లీ కొట్టించాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ రెంటి మధ్యే ఎక్కడో వోల్టేజి పోతోంది. నెగెటివ్ మొనకూ ఇంజిన్ ఒంటికీ మధ్య కూడా అంతే. పుల్లను క్లాంపు మీద ఆనిస్తే ఫలితం లేదు, బూజు ఉండేది మొనకూ క్లాంపుకూ నడుమనే. ఈ పనుల్లో హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి, చొక్కా చేతులు, చున్నీ ఫ్యానుకు దూరంగా ఉండాలి.

బూజు వదిలించడానికి నీళ్లలో కలిపిన వంటసోడా చాలు, ఆమ్లంతో కలిసి బుసబుస పొంగుతుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు అది ఆఖరు. ముందే పాజిటివ్ విప్పుతూ పానా కారు ఒంటికి తగిలితే నిప్పురవ్వలు తప్పవు.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా పట్టే జబ్బు ఇండియా ప్రయాణం. తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, కంప్యూటర్ల జ్ఞాపకం కోసం 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూ ఉండటం మామూలేనని అంటారు. పెళ్లో పండగో చూసుకుని ఆరువారాల తర్వాత తిరిగొస్తే 1,008 గంటలు, అంటే దాదాపు 50 ఆంపియర్ గంటలు పోయాయి. చిన్న కారు బ్యాటరీ పట్టేదే ఇంచుమించు అంత. ఏ లోపమూ లేకుండానే ఖాళీ! పైగా అలా అడుగంటిన బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత సత్తా రాదు. ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు నెగెటివ్ తీగ విప్పేస్తే సరి. పాత హోండా అయితే రేడియో కోడ్ ఎక్కడుందో చూసుకుని విప్పండి, మళ్లీ తగిలించాక అది అడుగుతుంది.

చలి మరో పరీక్ష. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 23 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే మైనస్ 31 సెల్సియస్‌కు దిగింది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ కూడా మైనస్ 2 ఫారన్‌హీట్ చూసింది. అంత చలిలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది, అదే సమయానికి ఇంజిన్ ఆయిలు చిక్కబడి మోటారును ఎక్కువ కరెంటు అడిగేలా చేస్తుంది. ఇచ్చేవాడు తగ్గాడు, అడిగేవాడు పెరిగాడు. బ్యాటరీ మీద రాసి ఉండే సీసీఏ అంకె ఈ గొడవకు సంబంధించినదే: సున్నా ఫారన్‌హీట్ దగ్గర, 7.2 వోల్టులకు దిగకుండా, 30 సెకన్లపాటు అది ఇవ్వగల ఆంపియర్లు. అయితే బ్యాటరీని నిజంగా చంపేది ఎండే. టెక్సస్, అరిజోనా వేసవి లోపలి పలకలను తినేస్తుంది, చలి వచ్చి ఆ సంగతి బయటపెడుతుంది. నింద డిసెంబరుకు పడుతుంది. ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం నీళ్లకు దగ్గరవుతుంది కాబట్టి గడ్డకట్టగలదు కూడా. పొట్ట ఉబ్బినట్టున్న బ్యాటరీకి జంప్ ఇవ్వకూడదు.

మామూలు బ్యాటరీకి జంప్ ఇచ్చేటప్పుడు ఎర్ర తీగ చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, అక్కడి నుంచి మంచిదాని పాజిటివ్‌కు, ఆపైన నల్ల తీగ మంచిదాని నెగెటివ్‌కు తగిలించాలి. దాని చివరి కొన చచ్చిన బ్యాటరీకి కాక, దూరంగా ఆ కదలని కారు ఇంజిన్ ఇనుముకు. ఆ ఆఖరి తగులుడుకు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. మన ఊళ్లలోలా నలుగురు కలిసి తోసి స్టార్ట్ చేద్దామంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ఒప్పుకోదు. అందులోని ఆయిలు పంపు తిరిగేది ఇంజిన్‌తోనే, ఇంజిన్ తిరగకపోతే చక్రాలకూ దానికీ పొత్తు లేదు.

ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాల్లో బ్యాటరీని ఉచితంగా పరీక్షిస్తారు. విప్పి చేత్తో తీసుకెళ్లినా చూస్తారు, కొత్తది కొంటే పాతది తిరిగిచ్చేదాకా కొంత డిపాజిట్ పట్టుకుంటారు.

అన్నీ బాగుండి, సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు బాగా మసకబారి, ఒక్క టిక్కుతో ఆగిపోతే మిగిలిన అనుమానం ఇంజిన్ మీదే. బ్యాటరీ తీగ విప్పేసి, కింద క్రాంక్ పుల్లీ నడిమి బోల్టుకు పొడవైన పానా వేసి చేత్తో తిప్పి చూడాలి. బరువుగానైనా తిరిగితే ఇంజిన్ బతికే ఉంది, దోషం సెల్ఫ్‌ది. అంగుళం కూడా కదలకపోతే లోపల బిగుసుకుపోయింది, లేదా సిలిండర్లో నీళ్లు చేరాయి, నీళ్లు గాలిలా నలగవు. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచాక అలా మునిగిన కార్లు లెక్కలేనన్ని తేలాయి. చవగ్గా వచ్చిన కారుకు ఫ్లడ్ టైటిల్ ఉందేమో కాగితాల్లో చూసుకోవడం కొనేముందు పని. ఇప్పటికైతే సెల్ఫ్ ఇంకోసారి కొట్టకుండా టో ట్రక్కును పిలవడమే.